ఇస్త్రీ బట్టల మధ్య కథల పుస్తకం

మూడంతస్తుల ఇంటికి మెట్ల కింద జాగా అంటే ఎంతుంటుందో మీకు తెలిసిందే. ఒక పక్క నిలబడొచ్చు, రెండో పక్క తల బాదుకోవచ్చు. అక్కడే బల్ల వేసుకుని మొగుడూ పెళ్ళాం ఇస్త్రీ చేసుకుని బతుకుతున్నారు. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ ఆ ఇంట్లో దానితో ఎవరికీ పని పడలేదు. పెద్దవాళ్ళకూ పాలు తాగే పిల్లలకూ కూడా ఆమె ఇస్త్రీ అత్తే. వాళ్ళాయన మామ. అత్త ఇస్త్రీ చేస్తే మామ మడతలు పెట్టి మూట కడతాడు. మోకాళ్ళు మొరాయించాక మామ మెట్లెక్కడం మానేశాడు. దాంతో మూటలు తేవడం, ఇవ్వడం కూడా అత్త నెత్తినే పడ్డాయి.

ఒకరోజు రెండో అంతస్తు బ్యాంకు మేడమ్ ఇంటి దుప్పట్లలో చుట్టుకుని ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. మామ దాన్ని తీసి పక్కన పెట్టాడు. తర్వాత మడతల ధ్యాసలో పడి మూడో అంతస్తు మూటలో పెట్టి కట్టేశాడు. అత్త చూసుకోకుండా ఇచ్చేసి వచ్చింది. సాయంత్రం మేడమ్ పుస్తకం ఏదని అడిగేసరికి గబగబా మెట్లు దిగొచ్చింది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని మూట కట్టావయ్యా?" అని మామ మీద విరుచుకుపడింది.

"పుస్తకమే కదే. పారిపోతుందా?"

"అది పారిపోదు, నన్ను పరిగెత్తిస్తుంది. ఆ మెట్లు ఎక్కేది నువ్వా, నేనా?"

మూడో అంతస్తులో ఉన్నది ఒక్కటే గది. అందులో తల్లీకూతుళ్ళిద్దరే ఉంటారు. తల్లి పొద్దస్తమానం అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసి చీకటి పడే వేళకు ఇల్లు చేరుతుంది. కూతురు బడి నుంచి వచ్చి లోపల గడియ పెట్టుకుని కూర్చుంటుంది. పుల్లలా సన్నగా ఉండి గలగలా వాగుతుందని దాన్ని అందరూ పిచ్చుక అంటారు. అత్త రొప్పుకుంటూ వెళ్ళి తలుపు కొట్టింది.

"ఎవరూ?"

"నేనేనే, అత్తని. మీ మూటలో పుస్తకం వచ్చిందా?"

అత్త మళ్ళీ తలుపు బాదింది.

"ఏయ్ పిచ్చుకా! వినపళ్ళేదా?"

"వినపడింది. ఇంకో రెండు పేజీలే అత్తా. అవగానే తలుపు తీస్తా."

"తలుపు తీసి చదువుకోవే!"

"తీస్తే తీసుకెళ్ళిపోతావుగా."

అత్తకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మెట్టు మీద కూలబడింది. లోపల పిల్ల పైకే చదువుతోంది. ఒక మేక బస్సెక్కిందట. కండక్టరు టికెట్టు అడిగితే జేబుల్లేవు, డబ్బులెక్కడ పెట్టుకోను అన్నదట. అత్త చదువు మూడో తరగతి దగ్గరే ఆగింది. ఆమె కూడబలుక్కుని బస్సు బోర్డు చదివేలోపు బస్సు మలుపు తిరిగేది. కథంటూ విని ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. పిల్ల తలుపు తీసి పుస్తకం చాపితే, తీసుకోవడం మరిచిపోయి అడిగింది.

"ఇంతకీ దానికి సీటు దొరికిందా, లేదా?"

పుస్తకం ఇస్తూ మేడమ్‌తో ఈ సంగతంతా చెప్పింది. మేడమ్ కూడా నవ్వింది. "ఇంకోటి పట్టుకెళ్ళు అత్తా. వాళ్ళ తాత కొని పంపిస్తాడు, మావాడేమో ముట్టుకోడు. బీరువాలో అద్దం వెనక నిగనిగలాడుతూ కూర్చున్నాయి. నువ్వైనా నాలుగు మెట్లెక్కించు" అన్నది.

అలా మొదలైంది. ఉతికిన చొక్కాల మధ్య ఒక పుస్తకం పైకి వెళ్ళేది. చదవడం అయ్యాక, మళ్ళీ ఇస్త్రీకి వచ్చే బట్టలతో కిందికి వచ్చేది. అత్త ఎలాగూ అన్ని గుమ్మాలూ ఎక్కే మనిషే కదా, మిగతా ఇళ్ళలో కూడా నోరు తెరిచి అడిగింది. ఒక ఇంటి పుస్తకం ఇంకో ఇంటికి, ఆ ఇంటిది వేరే ఇంటికి తిరగడం మొదలుపెట్టాయి. చదవమని అత్త ఏ పిల్లల్నీ పోరు పెట్టలేదు. "నాకు చదవడం సరిగ్గా రాదు నాయనా. చివరికి ఏమైందో చూసి చెప్పు" అనేది, అంతే. ఆ చెప్పడం కోసమే వాళ్ళు చదివేవాళ్ళు. కింద వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ ఒక పుస్తకాన్ని ఎంతకీ వెనక్కి పంపకపోతే అత్త వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"మా పిల్లలింకా చదవలేదు అత్తా."

"పిల్లలా, నువ్వా?"

ఆ మనిషి తల గోక్కుంటూ లోపలికెళ్ళాడు.

మేడమ్ కొడుకు కూడా తన పుస్తకాలు ఊళ్ళో వాళ్ళంతా చదివేస్తున్నారని ఉడుక్కుని, ముందు నేను చదివాకే కిందికి పంపాలని పేచీ పెట్టాడట. అది విని అత్త పొంగిపోయింది. పొంగిపోయినంత సేపు పట్టలేదు పొంగు దిగడానికి, అది వేరే సంగతి.

అన్ని ఇళ్ళలోకీ ఆమె మనసు పడి ఉన్నది మాత్రం ఆ పై గది మీద. ఒకసారి కుళాయి దగ్గర పిచ్చుక తల్లి బిందె నిండేదాకా నిలబడి తనంతట తానే చెప్పింది.

"ఇంతకుముందు ఇంటికొస్తే కాళ్ళు చాపుకుని పడిపోయేదాన్ని అత్తా. దానితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తిన్నావా, రాశావా, పడుకో. ఇంతే మా మాటలు. ఇప్పుడు అది చదువుతుంది, నేను వింటా. తర్వాత ఆ కథలో వాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. వాళ్ళ మీద చాడీలు కూడా చెప్పుకుంటాం."

"చాడీల్లేకపోతే అదేం సంసారం" అన్నది అత్త. పైకి అలా అన్నది గానీ, ఆ పూట ఇస్త్రీ పెట్టె బరువే తెలియలేదు ఆమెకు.

వానలు పట్టాయి. ఒక పొద్దున్న పిచ్చుక పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ కొడుక్కి తాత కొన్న పెద్ద పుస్తకం అది, అట్ట మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. కప్పు కారి, పక్కలో పెట్టుకున్న పుస్తకం తడిసి ముద్దయింది.

"అత్తా, ఇప్పుడెలా?"

"ఏడిస్తే ఇంకా తడుస్తుంది. ఇటియ్యి. తడంటే నాకు భయమా? నా పనే అది."

పల్చటి గుడ్డ పరిచి, ఒక్కో పేజీ మీద పెట్టె ఆనీ ఆననట్టు తిప్పింది. పేజీలు ముడుతలు పోయి లేచి నిలబడ్డాయి. పిల్ల ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. మామ కూడా మడతలాపి చూశాడు.

"ఇక చాలే. అట్ట జోలికి పోకు, అది మెరుస్తోంది" అన్నాడు.

"లోపలంతా బాగుండి పైన వంకరగా ఉంటే ఏం మర్యాదయ్యా? నీ మడతలు నువ్వు చూసుకో."

అట్ట మీద గుడ్డ వేసి పెట్టె ఆనించింది. చిటపటమని చప్పుడు, ప్లాస్టిక్ కాలిన కంపు. చటుక్కున గుడ్డ ఎత్తింది. అట్టకున్న మెరుగు పొర కరిగి గుడ్డకు అంటుకుంది. దాంతోపాటే ఏనుగు తలా, తొండమూ గుడ్డకు వచ్చేశాయి. మొండెం అట్ట మీద మిగిలింది.

అత్త ఆ పుస్తకం తనే పట్టుకెళ్ళింది. పిల్ల పేరు ఎత్తకుండా, తడిపిందీ కాల్చిందీ తానే అని చెప్పింది. మేడమ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల కొడుకు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఫర్వాలేదండీ. కావాలని ఎవరు చేస్తారు?" అన్నది. "ఇకమీదట పుస్తకాలు వద్దులెండి. బట్టలు పంపిస్తాను. మీరేమీ అనుకోకండి."

ఇన్నేళ్ళుగా నువ్వు అన్న మనిషి ఆ పూట మీరు అన్నది. నాలుగు తిట్టినా బాగుండేది. తిడితే బతిమాలొచ్చు, కాదంటే తిరిగి ఓ మాట అనొచ్చు. ఆ మర్యాదను ఎక్కడ పట్టుకోవాలో అత్తకు అర్థం కాలేదు. వట్టి చేతులతో మెట్లు దిగింది.

మేడమ్ చెడ్డది కాదు. ఇంటివాళ్ళ ఫోన్ల గ్రూపులో ఆ అట్ట ఫోటో పెట్టి, ఎవరి పుస్తకాలు వాళ్ళు చూసుకోండి అన్నదట, అంతే. ఒకరి తర్వాత ఒకరు మూటల దగ్గరికి వచ్చారు. ఎలక్ట్రీషియన్ వచ్చి బల్ల మీద వేలాడే బల్బు వంక చూశాడు.

"అత్తా, మా ఆవిడ ఊరుకోవట్లేదు. మా రెండూ ఇచ్చెయ్యి. తప్పు నీదని కాదు."

"తెలుసులే నాయనా."

ఎవరు వచ్చినా అదే మాట, తప్పు నీదని కాదు. తప్పు ఎవరిదీ కాకుండానే పుస్తకాలన్నీ ఎవరి బీరువాల్లోకి అవి వెళ్ళిపోయాయి. ఇక ఆ పై గదిలోకి వెళ్ళే దారే లేదు వాటికి.

"తడిసింది మా ఇంట్లోనేనని మేడమ్‌కి నేను చెప్తా అత్తా. అప్పుడు నీకు మళ్ళీ ఇస్తుంది" అన్నది పిచ్చుక.

"నోర్మూసుకుని బడికి పో. కాల్చింది నేను."

ఒక మధ్యాహ్నం బల్ల మామకు అప్పజెప్పి, అత్త ఊరి మధ్యనున్న లైబ్రరీకి నడిచింది. కౌంటరు వెనక కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"పాపకు కార్డు కావాలంటే తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టాలమ్మా."

"తండ్రి లేడు. తల్లి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మీరు తాళం వేసేస్తారు."

"సెలవు రోజున రమ్మనండి."

"ఆమె సెలవు రోజే మీకూ సెలవట కదా. నే పెడతా సంతకం. వేలిముద్ర కాదు, సంతకమే."

"మీరేమవుతారు?"

"అత్తని."

"మేనత్తా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఇంటి చిరునామా కాగితాలు అడిగితే ఏం చూపించాలో తెలియక మింగేసింది. "ఇస్త్రీ అత్తని" అన్నది. కుర్రాడు నవ్వలేదు పాపం. రూల్ ఒప్పుకోదమ్మా అని బాధగానే అన్నాడు. అతని వెనక అరల్లో పిల్లల పుస్తకాలు కొత్త చొక్కాల్లా నలగకుండా ఉన్నాయి. ఒక పూట సెలవు పెట్టమని పిచ్చుక తల్లినీ అడిగింది. అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు మా సూపర్‌వైజరు అన్నదామె. వీధి చివర పుస్తకాల షాపుకెళితే అన్నీ గైడ్లూ పరీక్ష పేపర్లే. "కథలెవరు కొంటారమ్మా, మార్కులొస్తాయా?" అన్నాడు షాపువాడు.

ఆఖరికి తానే ఒక కథ చెబుదామని చూసింది. పిచ్చుకను బల్ల పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక ఇస్త్రీ పెట్టె ఉండేదట" అన్నది.

"తర్వాత?"

"తర్వాత..." చొక్కా కాలరు తిప్పింది, కఫ్ తిప్పింది. ఏమీ తట్టలేదు. "తర్వాత కరెంటు పోయింది."

మామ పగలబడి నవ్వాడు. పిల్ల నవ్వలేదు. మర్యాదకి కాసేపు కూర్చుని పైకెళ్ళిపోయింది. దాని గొంతు మెట్ల మీద వినిపించడం కూడా తగ్గింది ఈమధ్య.

ఆ వారం పిచ్చుక తల్లి ఫ్యాక్టరీ యూనిఫాం తీసుకుని అత్త సాయంత్రం పైకెక్కింది. తలుపు ఓరగా తీసి ఉంది. తల్లి నేల మీద పడుకుని, వాచిన కాళ్ళు గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. పక్కనే పిచ్చుక పైకి చదువుతోంది. అత్త ప్రాణం లేచొచ్చింది. ఎవరిచ్చారో, ఏ తల్లి కన్నబిడ్డో అనుకుంటూ లోపలికి తొంగి చూసింది.

పిల్ల చేతిలో ఉన్నది సబ్బుపొడి ప్యాకెట్.

"'తెల్ల బట్టలను, రంగు బట్టలను వేరు చేయండి!'" రాజుగారు ఆజ్ఞ ఇచ్చినట్టు గొంతు లావు చేసి చదివింది.

"ఎందుకు వేరు చేయడం?" అన్నది తల్లి, కళ్ళు తెరవకుండానే.

"కలిస్తే గొడవలవుతాయమ్మా. 'అరగంట సేపు చల్లని నీటిలో నానబెట్టండి.'"

"పాపం, చలేస్తుందేమో."

"'నీడలో ఆరవేయండి. పిల్లలకు అందకుండా ఉంచండి.'" పిల్ల ప్యాకెట్ వెనక్కి తిప్పింది, అడుగు చూసింది. "అయిపోయిందమ్మా."

"అప్పుడేనా? మళ్ళీ మొదట్నుంచి చదువు."

పిచ్చుక తలెత్తేసరికి గుమ్మంలో అత్త కనిపించింది. "లోపలికి రా అత్తా. నువ్వు మొదలు వినలేదుగా."

అత్త బట్టలు కుర్చీ మీద పెట్టింది. కింద ఇంకా మూడు మూటలున్నాయని, మామ కేకలేస్తాడని చెబుదామనుకుంది. గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల గొంతు సవరించుకుని, ప్యాకెట్ మీద కంపెనీ పేరు దగ్గర్నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.