ఇస్త్రీ పెట్టె చేయని తప్పు

నా మీద పడాల్సిన నిందను ఇన్నేళ్లుగా ఇంకొకరు మోస్తున్నారు. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు బిగించేవాణ్ని. నా స్నేహితుడు సలీం ఇంటి ముందు గదిలో పెళ్లికార్డులు కంపోజ్ చేసే దుకాణం పెట్టాడు. మిషన్ బిగించింది నేను. దాని ముందు కూర్చునేది అతని చెల్లెలు నస్రీన్. తెలుగు, ఉర్దూ రెండూ ఆమె వేళ్లకు వచ్చేశాయి. ఆత్మకూర్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఆమె చేసిన కార్డే కావాలనేవారు.

సలీం ఆ మిషన్‌కు రెండో హార్డ్ డిస్కు, సీడీ రైటరు పెట్టించాడు. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే పాత పవర్ సప్లై వాటికి చాలదు. హైదరాబాద్ నుంచి కొత్తది తెచ్చాను. పైన వాట్ల లెక్క పెద్ద అంకెలో రాసి ఉంది గానీ, చేతిలోకి తీసుకోగానే తెలిసింది, బరువు లేదు. మంచిదైతే లోపల రాగి, ఇనుము నిండుగా ఉండి చేతిని కిందికి లాగుతుంది. ఈ పని చేసేవాళ్లం పైన అంటించిన కాగితం కన్నా బరువునే నమ్ముతాం. మరి ఎందుకు బిగించాను? మళ్లీ బస్సెక్కి పోయి మార్చుకురావడానికి బద్ధకం. ఇంతకంటే గట్టి కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు.

కొన్నాళ్లకు నస్రీన్ చెప్పింది, సీడీ తిరగడం మొదలవగానే మిషన్ దానంతటదే ఆగి మళ్లీ లేస్తోందని. మన పాలమూరు కరెంటు సంగతి తెలిసిందేగా అని నవ్వేశాను.

తర్వాత ఒక పొద్దున సలీం పిలిపించాడు. మిషన్ విప్పితే కాలిన వాసన. పవర్ సప్లై పోతూ పోతూ రెండు హార్డ్ డిస్కులనూ తీసుకుపోయింది. పెళ్లిళ్ల కాలం. కార్డులన్నీ వాటిలోనే ఉన్నాయి. సలీం ముఖం చూడలేక తల తిప్పాను. లోపలి గదిలో, మడిచిన దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె కనిపించింది.

"ఇస్త్రీ పెట్టె ఎవరు పెట్టిన్రు? ఒక్కటే లైన్ మీద రెండు నడిపిస్తే గిట్లనే అయితది," అన్నాను.

నస్రీన్ తలుపు దగ్గరే నిలబడింది. "నేనే పెట్టిన అన్నా. నాకెరుక లేకుండె."

సలీం ఆమెను తిట్టలేదు. "ఇగ నువ్వు దీన్ని ముట్టకు," అన్నాడు.

ఆమె మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. సలీం వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను ఈసారి బరువైన పవర్ సప్లై తెచ్చి బిగించాను. ఇస్త్రీ పెట్టె ఎప్పటిలాగే పక్క గదిలో నడిచేది. మిషన్ ఒక్కసారీ ఆగలేదు. అది చూసి ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. ఎవరూ అడగలేదు. సంతోషించానా? సంతోషించాను.

ఈమధ్య సలీంతో షాద్‌నగర్‌లో నస్రీన్ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చదువుకుంటోంది. నస్రీన్ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు చేతిలో పట్టుకుని, జర అది బంద్ చెయ్యమంది. దీనికి బ్యాటరీ ఉంటుంది అమ్మీ, ఏం కాదని ఆ పిల్ల నవ్వింది.

"అయినా బంద్ చెయ్. ఒకసారి నా చేతుల పోయింది," అని నస్రీన్ నావైపు తిరిగింది. "అన్నకెరుక."

టీ తాగి లేచి వచ్చేశాను.

అవును, నాకెరుక. ఆ పొద్దున ఇస్త్రీ పెట్టె వల్ల ఏమీ కాలేదు. నస్రీన్ వల్ల ఏమీ కాలేదు. ఆ పవర్ సప్లై చాలదని తెలిసీ బిగించింది నేను. ఆమె ఎదుట అనాల్సిన మాట మీ ఎదుట అన్నాను. అయినా, ఇన్నేళ్లకు ఆ మాట నా లోపలి నుంచి బయటికి వచ్చింది.