మారెప్ప ఇత్తడి బిళ్ళ

2006 అక్టోబరులో నన్ను రాయచోటి దగ్గరి ఒక పరీక్షా క్షేత్రానికి ఇన్‌ఛార్జి ఇంజనీరుగా పంపారు. దక్షిణ ధ్రువ ఖండానికి వెళ్లే రాడార్‌ను ముందు అక్కడ నిలబెట్టి చూడాలి. ధ్రువం మీద ఎనభై అయిదు కిలోమీటర్ల ఎత్తున సన్నని మంచు రేణువుల పొరలు ఏర్పడతాయి. అదీ వేసవిలోనే, కింద ఎండ కాసే నెలల్లోనే అంత ఎత్తున చలి ఎక్కువ. ఆ పొరల నుంచి తిరిగొచ్చే రేడియో తరంగాలను పట్టుకోవడం మా పని. రాడార్‌ను తీసుకెళ్లే ఓడ తప్పితే ఏడాది పోతుంది. నేను తొందరలో ఉన్నాను.

యాంటెన్నాలు బిగించడానికి కోసిగి నుంచి తొమ్మిదిమంది కూలీలు కుటుంబాలతో వచ్చారు. యాంటెన్నాల ఆవరణ లోపలికి వెళ్లేవాడు కంట్రోల్ రూమ్ బోర్డు మీది తన ఇత్తడి బిళ్ళను వెంట తీసుకెళ్లాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ప్రసారానికి ముందు సైరన్ మోగుతుంది, మోగితే దేన్నీ ముట్టుకోకుండా ఉన్నచోటే ఉండాలి. కొలతలు మొదలయ్యాక, అవి చెడకుండా ఇంకో నియమం చేర్చాను: లోపల ఒంటి మీద లోహం ఉండకూడదు.

ఒక మధ్యాహ్నం బోర్డు మీద తొమ్మిది బిళ్ళలూ ఉన్నాయి. సైరన్ మోగించి, పూర్తి శక్తితో ప్రసారం మొదలుపెట్టాను. కాసేపటికి కూలీ మారెప్ప భార్య నరసమ్మ అన్నం క్యారియరుతో కంట్రోల్ రూమ్ గుమ్మంలోకి వచ్చింది.

"మా ఆయప్ప యాడుండాడు సార్?"

బిళ్ళ ఇక్కడే ఉంది, సామాను లారీ దగ్గర చూడమన్నాను.

"ఆడ లేడు. చెప్పులు గేటు కాడ్నే ఉండాయి. చెప్పుల్లేకుండా యాడికి పోతాడు?"

ఆ చెప్పులకు ఇనుప మేకులున్నాయి. లోపలికి వెళ్లేవాడే వాటిని గేటు దగ్గర విప్పుతాడు. ప్రసారం ఆపే ఎర్ర మీట నొక్కబోయి, ముందు పక్కది నొక్కాను. ప్రసారం ఆగాక యాంటెన్నా స్తంభాల మధ్య పరుగెత్తాం. పిలిస్తే జవాబు లేదు. నేను నేలకేసే చూస్తున్నాను. పడి ఉన్న మనిషి కోసం వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది.

చివరి వరుసలో మారెప్ప మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉన్నాడు. యాంటెన్నాకు జానెడు దూరం.

"సైరన్ మోగితే కదలొద్దంటిరి. ఎప్పుడు లేయల్లో చెప్పకపోతిరి. భయమై నోరు రాలే సార్."

బిళ్ళ సంగతి అడిగాను.

"ఇత్తడి కద్సార్. లోహం తేవొద్దంటిరి. ఆడ్నే తగిలిచ్చి వచ్చినా."

"బుద్ధి గూడా ఆ మేకుకే తగిలిచ్చి వచ్చినావా?" అంది నరసమ్మ. ఎవరూ నవ్వలేదు.

రాయచోటిలో డాక్టరు చూసి గాయమేమీ లేదన్నాడు. తప్పు నాదేనని పైఅధికారికి రాసి, చెక్క బిళ్ళలు చేయించాను. ఓడ అందింది.

ఆ నియమాలన్నీ నేను పెట్టినవే. ఒక్కోటీ సరైనదే. అన్నింటినీ అక్షరాలా పాటించే మనిషి చివరికి ఎక్కడ ఉంటాడో నేను ఆలోచించలేదు. ఆ తర్వాతి సర్వీసంతా బిళ్ళలు లెక్కపెట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, జవాబు విన్నాకే ప్రసారం మీట నొక్కాను.