గౌస్ మియా గుమ్మం ముందు పోతరాజు

చిలకలగూడలో పర్వతాలును పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఏటా బోనాలకు ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ఘటం ముందు ఆడేవాడు గనక అందరికీ అతను పోతరాజే. అమ్మవారి తమ్ముడు, గల్లీకి కాపలా. మిగతా రోజుల్లో సికింద్రాబాదు స్టేషన్లో ఇంజన్లకు బొగ్గు మోసేవాడు. ఆరడుగుల మనిషి. ఉరిమితే ఉలిక్కిపడతాడని భార్య విజయమ్మకు ఒక్కదానికే తెలుసు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం నిజాం సరిహద్దు దాటిందని తెలియగానే, రజాకార్లు ఇళ్లు తగలబెడతారని పుకారు లేచింది. పొద్దు వాలకముందే పక్కింటి ముసలామె శ్యామలమ్మ మనవరాళ్లను వెంటేసుకుని పర్వతాలు ఇంటికొచ్చింది. వెనకే గల్లీలోని ఆడవాళ్లు.

"పోతరాజు ఇంట్ల ఉంటే మాకేం గాదు," అంటూ చాప పరుచుకుంది.

పర్వతాలు కాదనలేక గడపలో కూర్చున్నాడు. లేచి గల్లీ చివరిదాకా పోయి చూసేవాడు, వచ్చి కూర్చునేవాడు, మళ్లీ లేచేవాడు. అన్నం సయించలేదు. దూరంగా ఏదో పేలితే ఉలిక్కిపడ్డాడు. ఎవరైనా చూశారేమోనని లోపలికి తొంగిచూశాడు.

"వాళ్లొస్తే నేనేం జేస్తనే?" అని విజయమ్మను మెల్లగా అడిగాడు.

"నాకు సుత తెల్వది. జెర గడపల్నే కూసో. నిన్ను జూస్తే వీళ్లకు ధైర్యం."

ఎవరూ రాలేదు. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు, సైన్యం ఊళ్లోకి వచ్చింది, ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. కథ అప్పుడు షురూ అయింది. రజాకార్లు గల్లీలోకి వచ్చారట, పర్వతాలుకు అమ్మవారు పూనిందట, వాళ్లు తుపాకులు పారేసి ఉరికారట. శ్యామలమ్మ కళ్లారా చూశానంది.

"ఎవ్వరు రాలే అవ్వా. నేను భయపడుకుంట కూసున్న."

"పూనకంల ఉన్నోనికి ఏం యాదుంటది బిడ్డా?"

కల్లు దుకాణంలో చెప్పి చూశాడు, స్టేషన్లో చెప్పి చూశాడు. ఎవరూ నమ్మలేదు.

ఆ వారంలోనే బ్రహ్మచారి అనే వడ్రంగి వచ్చాడు. అతని తమ్ముణ్ని భువనగిరి దగ్గర రజాకార్లు చంపేశారు. అప్పటినుంచి అతనికి నిద్ర లేదు.

"సాయంత్రం గౌస్ మియా ఇల్లు కాలవెడ్తున్నం. నువ్వు ముందల నడువు పోతరాజా. అందరు నీ ఎనకొస్తరు."

గౌస్ మియా అదే గల్లీలో గుర్రాలకు లాడాలు కొట్టే ముసలాయన.

"ఆయనేం జేసిండు?" అన్నాడు పర్వతాలు.

"నా తమ్ముడేం జేసిండు?"

"నేను రాను," అన్నాడు పర్వతాలు.

"రాకపోతే మేమే పోతం."

బ్రహ్మచారి వెళ్లాక పర్వతాలుకు కాలు నిలవలేదు. ఇంట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి విజయమ్మతో, "పసుపు కలుపు," అన్నాడు.

"బోనాలు గావు గదా?"

"ఎరికే. కలుపు."

గుంపు కర్రలూ కిరసనాయిలు డబ్బాలూ పట్టుకుని వచ్చేసరికి, పర్వతాలు ఒళ్లంతా పసుపుతో గౌస్ మియా గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. నిలువెల్లా వణుకుతున్నాడు.

"అమ్మ పూనింది," అన్నారెవరో. ముందున్నవాళ్లు ఆగిపోయారు. కొందరు కర్రలు కింద పెట్టి చేతులు జోడించారు.

బ్రహ్మచారి ఒక్కడే దగ్గరికొచ్చి వంగి ముఖంలోకి చూశాడు.

"నీకేం పూనలే. భయానికి వణుకుతున్నవ్," అన్నాడు, ఇంకెవరికీ వినబడకుండా.

"అవ్," అన్నాడు పర్వతాలు. "వాళ్లకు చెప్తవా?"

బ్రహ్మచారి వెనక్కి తిరిగి జోడించిన చేతుల్ని చూశాడు. చెప్పలేదు. ఎదురింటి అరుగు మీద కూలబడి, తమ్ముడి పేరు పెట్టి ఏడ్చాడు. గుంపు ఒక్కొక్కరుగా జారిపోయింది.

గౌస్ మియా ఆ గల్లీలో నిలవలేదు. చలికాలం రాకముందే షోలాపూర్లో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరాడు. సామాను పర్వతాలే స్టేషన్‌కు మోశాడు.

"ఉండిపొమ్మంటవా భాయ్?" అని బండెక్కబోతూ అడిగాడు గౌస్ మియా.

ఉండమంటే ఉండేవాడే. ఏ ధైర్యంతో అనాలో పర్వతాలుకు తోచలేదు. సామాను లోపలికి అందించాడు.