టోపీ దొర బండల మీద ఒక పూట

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉపగ్రహాల మీద ఉంది. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే కింద రాయబోయేది చదివాక చాలామంది నన్ను వేరే రకం మనిషిగా అనుకుంటారు.

మాది ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టాను. ఒక్క పోగు తప్పితే చీర మొత్తం మీద అదే కనిపిస్తుంది, ఏ దేవుడూ వచ్చి సరిచేయడు అని మా నాయన చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. నేను చేసే పని కూడా అలాంటిదే. గ్రామ సర్వేయర్ని. చేతిలో రోవర్ అనే కర్రలాంటి పరికరం ఉంటుంది. అది పైనున్న ఉపగ్రహాల నుంచి లెక్క తీసుకుని, నేను నిలబడ్డ చోటు వేలెడు తేడా లేకుండా చెబుతుంది. మా వంశంలో ఎవరికీ సెంటు నేల లేదు. ఊళ్ళోవాళ్ళ భూములన్నీ కొలిచేది మాత్రం నేనే.

రెండేళ్ళ కిందట రీసర్వే జోరుగా సాగుతున్నప్పుడు జరిగింది ఇది. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో పక్కకు తిరిగి నాలుగు కిలోమీటర్లు పోతే నాకిచ్చిన ఊరు వస్తుంది. పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నేను కనబడితే టీ తాగకుండా పోనివ్వరు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఆ ఊళ్ళో ఒకేచోట ఉన్న నాలుగు సర్వే నంబర్లను దొర నంబర్లు అంటారు. పాత రిజిస్టరులో నాలుగింటికీ ఒకే ఇంగ్లీషు పేరు ఉంది. సిరా పాలిపోయింది, సగమే చదవగలిగాను. ఊరికి ఆ పేరుతో పనిలేదు. వాళ్ళకాయన టోపీ దొర.

ఆయన సంగతులు నాకు నారాయణమ్మ అవ్వ చెప్పింది. దొర నంబర్లలో ఎకరంన్నర మల్బరీ తోట ఆమెది. పట్టుపురుగులు మేపి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతుంది. డెబ్బై దాటినా ఆకు తానే కోస్తుంది. నేను కొలత మొదలుపెట్టిన రోజు నుంచీ నా వెంట నడుస్తూ, అడిగినా అడగకపోయినా చెబుతూనే ఉండేది.

ఎవరికీ అక్కరలేని రాళ్ళ చేలను ఆ దొర ముక్క ముక్కగా కొన్నాడట. రాళ్ళు ఏరి గోడలు కట్టాడు. మెట్లబావి తవ్వించాడు. గుడి కట్టలేదు, చర్చీ కట్టలేదు, ఎవరినీ తన మతంలోకి రమ్మనలేదు. కలెక్టరు గుర్రం దిగి వచ్చినా నెత్తిన టోపీ తీసేవాడు కాదట, అందుకే ఆ పేరు. నాలుగు నంబర్లలో ఒకదాని మీద దావా పడింది. కోర్టులో ప్రమాణం చేసి చెప్పమన్నారు. రోజూ నిజం చెప్పేవాడికి ఈ ఒక్కరోజు ప్రమాణం ఎందుకని దొర అడిగాడు. చేయనని కూర్చున్నాడు. అవతలివాడు నిక్షేపంగా ప్రమాణం చేసి ఆ చేను తీసుకుపోయాడు. మిగిలిన మూడింటినీ దొర చనిపోయే ముందు దున్నుతున్నవాళ్ళకే రాసిచ్చాడు. వాళ్ళలో అవ్వ మొగుడి ముత్తాత ఒకడు. తన సమాధి మీద రాయి పెట్టొద్దని చెప్పాడు కాబట్టి పెట్టలేదు. ఆ మూడు నంబర్లలో ఎక్కడో ఉన్నాడు, ఎక్కడో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో భూమి తగాదా వస్తే ఎవరూ ఒట్టు పెట్టరు. దొర ఇల్లు ఎప్పుడో కూలిపోయి, నేల బండలు మాత్రం మిగిలాయి. రెండు పక్షాలవాళ్ళూ పోయి ఆ బండల మీద నోరు మూసుకుని కూర్చుంటారు. లోపలున్నది ఇక ఆపుకోలేననుకున్నవాళ్ళు లేచి చెబుతారు. దానికి ఎదురు వాదన ఉండదు. ఇది విని నేను నవ్వాను. మా ఆఫీసులో ఈ పద్ధతి పెడితే ఒక్క ఫైలూ కదలదని కూడా అన్నాను. అవ్వ నవ్వలేదు.

తగాదా ఆమెకూ ఆమె మరిది కొడుకు రామాంజికీ మధ్య వచ్చింది. అది కూడా నా కొలత వల్లే వచ్చింది. అంతకుముందు ఇద్దరూ గట్టు చూసుకుని బతికారు. నేను మూడు పొలాలు కలిసే మూల రాయి నుంచి గీత లాగాను. అవ్వ బోరు రామాంజి వైపు పడింది.

రామాంజి చెడ్డవాడు కాదు. కాగితం తనవైపు ఉంటే వద్దనేంత గొప్పవాడూ కాదు. నీళ్ళు తీసుకోమనే చెప్పాడు. అవ్వకు అది సరిపోలేదు.

"ఈ పొద్దు ఇస్తాడు. రేపు వాని కొడుకులు ఇస్తారా? ఆ బోరు నాదని కాగితంలో ఉండల్ల" అంది నాతో.

ఆమె పురుగులు అప్పుడు నాలుగో జ్వరం, అంటే చివరిసారి పొర విడిచే దశ, దాటి విపరీతమైన ఆకలి మీదున్నాయి. నీళ్ళు ఆగితే ఆకు లేదు, ఆకు లేకపోతే ఆమెకు బతుకే లేదు. అవ్వ అభ్యంతరం రాసిచ్చింది. విచారణకు డిప్యూటీ తహసీల్దార్ మర్నాడు ఉదయం వస్తానన్నారు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం బస్సు కోసం మూల రాయి పక్కనే నిలబడ్డాను. రాయికి పసుపు, కుంకుమ, ఎండిన పూలు ఉన్నాయి. చెప్పు కొనతో మట్టి కదిపితే కింద సిమెంటు కనబడింది. పాతకాలపు సర్వే రాయికి సిమెంటు ఉండదు. టీ అంగడాయనను అడిగాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మిషను ఆ రాయిని పెకలించి పడేసిందట. దొర రాయి పడి ఉండటం మంచిది కాదని ఊరివాళ్ళే తెచ్చి ఇక్కడ దిమ్మె కట్టి నిలబెట్టారట. భక్తిగానే చేశారు. నేను ఆ భక్తిని పట్టుకుని, వేలెడు తేడా లేకుండా తప్పు కొలిచాను.

అదే రాయి ఆధారంగా ముప్పైకి పైగా కమతాలు కొలిచి పైకి పంపేశాను. బయటపెడితే అన్నీ మళ్ళీ కొలవాలి, పైగా నాకు మెమో వస్తుంది. బయటపెట్టినా అసలు చోటు ఎక్కడో తేలదు. చుట్టుపక్కల రాళ్ళు ఎప్పుడో పోయాయి, పాత పటంలో సరిగ్గా ఆ మూలను చెదలు తినేశాయి. కాబట్టి నోరు మూసుకోవడమే మేలని నాకు నేను చెప్పుకున్నాను. పెనుకొండలో ఎక్కిన రైలు ధర్మవరం చేరేలోపు ఇంకో పది కారణాలు కూడా దొరికాయి.

మర్నాడు ఉదయం అవ్వ పురుగులకు ఆకు వేసి వచ్చాక, ఊరి పెద్దలు పట్టుబట్టడంతో విచారణకు ముందు అందరం దొర బండల మీద కూర్చున్నాం. అవ్వ, రామాంజి, ఊరి పెద్దలు ముగ్గురు, వీఆర్వో, డిప్యూటీ తహసీల్దార్, నేను. మొత్తం ఎనిమిది మందిమి. విచారణకు రికార్డు ఉండాలని వీఆర్వో తన ఫోన్ మొండిగోడ మీద పెట్టి వీడియో ఆన్ చేశాడు. డిప్యూటీ తహసీల్దార్ వాచీ చూసుకుని, గంట చూద్దాం, తర్వాత నా పద్ధతిలో నేను చేస్తానన్నారు.

ఎండ ఇంకా ముదరలేదు. పెనుకొండ కొండ లీలగా కనిపిస్తోంది. మొదట పది నిమిషాలు నాకు నవ్వొచ్చింది. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత ఏదీ అనిపించడం మానేసింది. ఎవరూ నా వైపు చూడటం లేదు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. అవ్వ చేతులు చూశాను. ఆకు కోసి కోసి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

లేచాను. "నేను కొలిచింది తప్పు. ఆ రాయి సిమెంటులో ఉంది" అన్నాను. కూర్చున్నాను.

నాకు గుర్తున్నది అంతే. దీనికి ముందు గానీ తర్వాత గానీ నేను ఒక్క మాట కూడా అనలేదు.

తల ఎత్తేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. రామాంజి గడ్డపార కోసం తోటలోకి పోతున్నాడు. డిప్యూటీ తహసీల్దార్ నన్ను అదోలా చూస్తున్నారు. ఎక్కడికని అడిగితే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్తివి కదమ్మా, బావి మొదటి మెట్టు కాడ్నించి తూర్పుకు నలభై ఒక్క లింకులని. ఆడ తవ్వమంటివి."

లింకు అంటే పాతకాలపు కొలత గొలుసులో ఒక ముక్క, జానెడు కంటే కొంచెం తక్కువ. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మీటర్లలో తప్ప కొలిచింది లేదు. నేనలా అనలేదని చెప్పాను. డిప్యూటీ తహసీల్దార్ మెల్లగా, కోపం లేకుండా అన్నారు.

"అన్నావమ్మా. నన్ను చూసి, నువ్వు పోయి తవ్వి చూడు అన్నావు."

నేనాయన్ను నువ్వు అన్నానంటే నమ్మలేకపోయాను. నా ఉద్యోగం ఆయన సంతకం మీద నడుస్తుంది. సార్ అనకుండా ఆయన ముందు నేను దగ్గిందీ లేదు.

బావి పూడిపోయినా మొదటి మెట్టు పైకి కనిపిస్తుంది. నలభై ఒక్క లింకులంటే ఎనిమిదింపావు మీటర్లు. టేపు నేనే పట్టాను. రామాంజి తవ్వాడు. రెండడుగుల లోతులో నేల నల్లబడింది. బొగ్గు. మరికాస్త తవ్వితే పెంకు ముక్కలు. చుట్టూ చెక్కినట్టు చదరం. రాయి పోయినా చోటు తెలియాలని పాతకాలంలో సర్వే రాళ్ళ కింద బొగ్గు పోసేవారని మాకు శిక్షణలో ఒక్క వాక్యం చెప్పారు. నేను కళ్ళతో చూడటం అదే మొదలు.

రామాంజి గుంటలోంచి పిడికెడు బొగ్గు తీసి చాలాసేపు చూశాడు. ఇక్కడి నుంచి గీత లాగితే ఎటు పోతుందో చెప్పడానికి అతనికి నా రోవర్ అక్కర్లేదు. బొగ్గు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, బోరు నీదే. ఆ పక్క రెండు సాళ్ళు నావి" అన్నాడు.

అవ్వ ఏడ్చింది. అతని తల నిమిరింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్మని చెప్పాను.

తర్వాత నాలుగు రోజులకు పెనుకొండలో ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారును కలిసి టోపీ దొర గురించి అడిగాను. ఆయన వెంటనే క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు అయ్యుంటాడన్నారు. వాళ్ళకు పూజారి ఉండడట. కలిసి మౌనంగా కూర్చుంటారు, లోపలి నుంచి మాట వచ్చినవాళ్ళు లేచి చెబుతారు. ప్రమాణం చేయరు, టోపీ తీయరు, పాతకాలంలో సమాధికి రాయి పెట్టేవాళ్ళు కాదు. ఇవన్నీ నాకు తెలిసినవే. చివర్లో ఆయన ఇంకొకటి చెప్పారు. ఆ రోజుల్లో వాళ్ళు రాజునైనా కూలివాణ్ణయినా ఒకే తీరుగా, నువ్వు అనే పిలిచేవారట.

ఆ మాట ఆయన చేత రెండోసారి చెప్పించుకున్నాను. ఆ సంగతి అవ్వకు కూడా తెలియదు, తర్వాత అడిగాను.

ఇక వీడియో. వీఆర్వో నాకు పంపాడు. మొత్తం చూశాను, ఒకసారి కాదు. చాలాసేపు పిట్టల అరుపులు. నేను లేస్తాను. నేను కొలిచింది తప్పు, ఆ రాయి సిమెంటులో ఉంది అంటాను. కూర్చుంటాను. తర్వాత ఏ గొంతూ లేదు. దాదాపు నిమిషం పాటు ఏడుగురూ నేను కూర్చున్న వైపే చూస్తుంటారు. నా పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా లేస్తారు. వీడియో చెప్పేది నా మాట. బొగ్గు చెప్పేది వాళ్ళ మాట.

ఏదో ఒక ఫైలులో నేను ఆ అంకె ముందే చూసి ఉంటానని మా నాయన అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. జిల్లా ఆఫీసుకు పోయి వెతికించాను. ఆ మూల కొలతలున్న నకలు ఇంకెక్కడా లేదు.

మెమో వచ్చింది. ముప్పైకి పైగా ఉన్న ఆ కమతాలన్నీ ఎండలో తిరిగి మళ్ళీ కొలిచాను. చివరికి సవరణ ఫారం దగ్గర ఆగిపోయాను. అందులో ఒక గడి ఉంటుంది, హద్దు రాయి అసలు స్థానాన్ని గుర్తించడానికి ఆధారం ఏమిటని. అది సరిగా నింపకపోతే ఫైలు వెనక్కి వస్తుంది, అవ్వ బోరు మళ్ళీ రామాంజి ఖాతాలో పడుతుంది. ఊరి పెద్దలు చూపించారని రాయమన్నాడు వీఆర్వో. అందరూ అలాగే రాస్తారు. కానీ వాళ్ళు చూపించలేదు. బొగ్గు అని రాద్దామంటే, అక్కడే ఎందుకు తవ్వారన్నది మిగిలిపోతుంది. ఇంకెప్పుడైనా అయితే ఏదో ఒకటి రాసి పడేసేదాన్ని. ఆ ఫారంలో మాత్రం అబద్ధం రాయడానికి చేయి రాలేదు. తెలియదు అని రాసి సంతకం పెట్టాను. వీడియో కూడా ఫైలుతో పంపాను.

వెనక్కి వస్తుందనే అనుకున్నాను. అవ్వకు ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. పది రోజుల తర్వాత ఫైలు వచ్చింది. ఆమోదించారు. బోరు నారాయణమ్మ పేరు మీదే ఉంది. ఆ గడిలో తెలియదు అన్న నా మాట కింద డిప్యూటీ తహసీల్దార్ తన చేత్తో ఒక్క మాట రాసి సంతకం చేశారు. విన్నాను, అని.

ఆయన ఆ వీడియో చూశాకే అది రాశారని తర్వాత వీఆర్వో చెప్పాడు. నేను ఆయన్ను ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. ఆ రెండు మాటలకు మించి ఈ విషయంలో నాకు ఇప్పటికీ ఏమీ తెలియదు.