అత్త నాటిన గెనుసుగడ్డ

మొన్న మా వంటింటి బుట్ట అడుగున మరిచిపోయిన గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, ఒకటి ఊదారంగు మొలక వేసింది. మా అమ్మాయి దాన్ని గాజుగ్లాసులో సగం నీళ్లు పోసి కిటికీలో నిలబెట్టి, ఫోటో తీసి, ఏదో కొత్త విద్య కనిపెట్టినట్టు నన్ను పిలిచింది. నేను చేసిన మొదటి పని ఆ గడ్డను వేలితో నొక్కి చూడటం. పచ్చిదే.

ఈ విద్య మా మేనత్తది. పెళ్లైన రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లు అప్పటికే రెండు ముక్కలు: ఆదోనిలో మా నాన్న, ఎమ్మిగనూరులో మా చిన్నాయన. ఉన్న ఒక్క తోబుట్టువునూ అన్నదమ్ములు న్యాయంగా పంచుకున్నారు, ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు రెండు కుటుంబాలూ వెళ్తాయి కాబట్టి, పనిలో పని, ఎమ్మిగనూరుకు అప్పగింత అక్కడే. దేవుడికి దండం, చిన్నాయనకు అత్త, మాకు బొరుగులు.

అత్త ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పారేసేదంటూ ఉండేది కాదు. ఉల్లి మొదళ్లు, ఆకులు దూసిన పుదీనా కాడలు, ఎండిన అల్లం కణుపు, మెత్తబడిన టమోటా, అన్నీ పెరట్లో పగిలిన కుండల్లోకి, నూనె డబ్బాల్లోకి వెళ్లి మళ్లీ కూరగా తిరిగొచ్చేవి. వాటికి బియ్యం కడిగిన నీళ్లే. మా ఊళ్లో కొళాయి మనుషులకే రోజు విడిచి రోజు. చిన్నాయన ఇంట్లో మాత్రం పెరడంతా నాపబండలు పరిచి, సందుల్లో సిమెంటు పూశారు. అక్కడ ఆరు నెలలు ఆమె ఏం చేసేదో మేం అడగలేదు.

ఎనభైల్లో, నేను ఇంటర్ తప్పిన ఏడు, జాతర ఇంకా నెలన్నర ఉందనగా, అత్త అప్పుడే కళ్లు విచ్చుతున్న గెనుసుగడ్డ ఒకటి పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఇది నాటుకోని, గడ్డలు ఊరేదాకా ఈడనే ఉంటా. ఆడ బండల మింద నాకు ఊపిరాడదు."

అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, "జాతర లోపల మొలకొస్తే ఉండుపో. మీయన్నకు నేను సెప్తా," అంది.

అత్త సంతోషంతో నన్ను కూడా కలుపుకుంది. "వీడూ మొలుస్తాడులే వదినా, రోంత ఆలిస్యమైతాది."

ఊరంతా తిడుతున్న రోజుల్లో నా పక్షాన మాట్లాడింది ఆమె ఒక్కతే. తిట్లన్నీ దులుపుకున్నవాణ్ణి, ఆ మంచిమాటకు మండిపోయాను. ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా కుండీలో నాటిన గడ్డను తవ్వి దిబ్బ మీదికి విసిరేసి, దాని చోట ఉడికిన గడ్డ ఒకటి పూడ్చాను. నవ్వడానికి ఒక మనిషి చాలడు కాబట్టి మా అన్నకు చెప్పాను.

ఇక రోజూ పొద్దున్నే అత్త నీళ్లు పోసేది. అమ్మ "మొలకొచ్చినాదేమ్మా?" అని అడిగేది. అత్త "లేదొదినా" అనేది. మేమిద్దరం గోడ వెనక పొట్ట పట్టుకునేవాళ్లం. కుండీకి చీమలు బారు కట్టాయి. "సుట్టాలొస్తాండారత్తా, తీపి గడ్డ గదా!" అన్నాను. ఆమె చీమలు తడవకుండా పక్కగా నీళ్లు పోసింది.

ఉరుకుంద బస్సులో అత్త పక్కన, ఆమె రేకుపెట్టె మోయడానికి నన్నే కూర్చోబెట్టారు. సగం దారిలో నెమ్మదిగా అంది:

"అది ఉడికిన గడ్డని నాకు తెల్లారే తెలుసప్పా. మట్టి కదిపి సూస్తి. మీయమ్మను ఏమనాకు. పొమ్మని నోటితో సెప్పలేక గడ్డ మార్సి అట్ల సెప్పింది. దినామూ అడుగుతాంటే మాత్రం రోంత కష్టమనిపిచ్చె."

అది నా పనేనని చెప్పడానికి ఇంకా అరగంట దారి ఉంది. నేను కిటికీలోంచి జొన్నచేలు చూశాను.

దిబ్బ మీద అసలు గడ్డ తీగ పాకింది. దీపావళి తర్వాత తవ్వితే గంపెడు. అమ్మ ఉడకబెడుతూ, "అంత మంచి చెయ్యి, ఆ ఒక్క గడ్డ యాల మొలవలేదో. మొలిచింటే నాకూ తోడుండేది," అంది. నేను రెండు తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి. ఆ విషయంలో అబద్ధం ఆడలేను.

మాఘంలో మా వంతు వచ్చేలోపే అత్త జ్వరంతో పోయింది. ఎమ్మిగనూరు వెళ్లి చూస్తే, బండల సందున సిమెంటు గోకి పుదీనా కాడ ఒకటి గుచ్చి ఉంది. కథల్లో అయితే అది చిగురించేది. ఇది ఎండిపోయింది.

గ్లాసులో తీగ ఎంత సాగిందో మా అమ్మాయి రోజూ నాకు చూపిస్తోంది. గెనుసుగడ్డ ఊరడానికి నాలుగు నెలలు చాలు. బస్సులో ఆ అరగంటే నాకింకా గడవలేదు.