ఎనిమిదింతల వేగం

ఊర్మిళకు కారు నడపడం రాదు. అయినా 2021 జనవరిలో, మ్యూనిక్ శివారులోని రెండు గదుల ఇంట్లో, వంటగది బల్ల దగ్గర కూర్చుని రోజంతా అమెరికా రోడ్ల మీదే ఉండేది.

పెళ్లయి జర్మనీకి వచ్చిన ఏడేళ్లకు దొరికిన మొదటి ఉద్యోగం. కునుకు తీసే డ్రైవర్‌ను పసిగట్టి లేపే పరికరాన్ని ఒక చిన్న కంపెనీ తయారుచేస్తోంది. దానికి నేర్పడానికి అమెరికాలోని కాన్సస్‌లో తీసిన వీడియోలు ఆమెకు పంపేవారు. తెర మీద ఒకవైపు రోడ్డు, ఇంకోవైపు డ్రైవర్ ముఖం. కళ్లు మూసుకుపోతే ‘నిద్ర’, ఊరికే ఆర్పితే ‘రెప్పపాటు’ అని గుర్తు పెట్టాలి.

గంటసేపు చూసినా ఒక్క మలుపు ఉండదు. ఎండిన గడ్డి, కరెంటు స్తంభాలు, మళ్లీ గడ్డి.

"ఏందే, కాన్సస్ దాటినవా ఇయ్యాల?" మీటింగుల మధ్య పక్కగదిలోంచి భర్త రవికిరణ్ అడిగేవాడు.

"యాడ? ఒక్క చాయ్ కొట్టన్న రాలే."

డిసెంబరులో కరోనా వల్ల పిల్లల బడి కిటా మూసేశాక నాలుగేళ్ల కూతురు గీతిక ఇంట్లోనే. ఆడుకుందాం రమ్మని జర్మన్‌లో గోల చేస్తూ చెయ్యి పట్టి లాగేది. పని తెమలక ఊర్మిళ వీడియోలను ఎనిమిదింతల వేగంతో చూడడం మొదలుపెట్టింది. ఏమీ జరగని రోడ్డే కదా.

"మాషా అల్లా, నీ చేతులకు పెట్రోల్ పోసిన్రా ఏంది?" అని మెచ్చుకుంది పని అప్పగించే జుబేదా. ఆరు నెలల ప్రొబేషన్ ఆ వారం శుక్రవారంతో ముగుస్తుంది. పర్మినెంట్ కాగితం సిద్ధంగా ఉందని కూడా చెప్పింది.

బుధవారం పొద్దున సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి, వేగం మామూలుకు మారింది. ముందురోజు తాను పూర్తిచేసిన వీడియోనే తెరుచుకుంది. నెరిసిన గడ్డం డ్రైవర్ రెప్పలు వాలాయి. ఒక సెకను. రెండు. కారు మధ్యగీత మీదికి జరుగుతోంది. ఎదురుగా లారీ.

"లే! లెవ్వయ్యా!" తెర మీదికి వంగి అరిచింది ఊర్మిళ.

గీతిక ఏడుపు అందుకుంది. రవికిరణ్ పరుగెత్తుకొచ్చాడు. నాలుగో సెకనుకు డ్రైవర్ కళ్లు తెరిచి స్టీరింగ్ తిప్పాడు.

ఆ చోట ఊర్మిళ పెట్టిన గుర్తు: రెప్పపాటు.

ఇంకో వీడియో తెరిచింది. అందులోనూ అంతే. అప్పుడు అర్థమైంది. ఎనిమిదింతల వేగంలో అసలు రెప్పపాటు కంటికి ఆననే ఆనదు; నాలుగు సెకన్ల కునుకే రెప్పపాటులా కనిపిస్తుంది. ఆరు వారాలుగా రెప్పపాటు అనుకున్నదంతా నిద్రే.

"శుక్రవారం దాకా ఆగు," అన్నాడు రవికిరణ్, పిల్లను ఎత్తుకుంటూ. "సంతకం పడనీ. అది పాత వీడియోనే. ఆయన ఇంటికి పోయి అన్నం గూడ తిన్నడు."

ఆమె అప్పటికే ఫోన్ చేస్తోంది.

"జుబేదా గారూ, నేను పెట్టిన గుర్తులు తప్పు."

"నిన్నటివా?"

"డిసెంబరు నుంచి. అన్నీ."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఊర్మిళా, అవి సోమవారమే పరికరంల ఎక్కించినం. ఇప్పుడు అది పెట్టిన బండి, రాత్రి నిద్రలేని డ్రైవర్‌తోని, ఆటోబాన్ హైవే మీద టెస్టుకు పోయింది."

"ఆపండి!"

"లైన్ల ఉండు."

ఇంకో ఫోన్ మోగడం వినిపించింది. ఊర్మిళ నిలబడే ఉంది. చివరికి అవతల ఎవరో జర్మన్‌లో పలికారు. జుబేదా గట్టిగా ఊపిరి వదిలింది.

"డ్రైవరే ఎత్తిండు. బండి పక్కకు తీస్తున్నడు." తర్వాత అంది, "నీ కాగితం మాత్రం ఇగ నా చేతుల లేదు."

"తెలుసు," అంది ఊర్మిళ. ఫోన్ పెట్టేసి, డిసెంబరు వీడియోల్లో మొదటిదాన్ని మామూలు వేగంతో తెరిచింది.