జైలు గుమ్మం ముందు అప్పగింతల ఏడుపు

మొన్న మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో మా మునిమనవరాలి పెళ్లి జరిగింది. అప్పగింతల వేళ పిల్ల కళ్ళు చెమర్చాయో లేదో, మేకప్ చేసిన అమ్మాయి ఉరికొచ్చి "ఏడ్వకు, మొత్తం కరాబైతది" అని గదమాయించింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఏడ్వకుండా అత్తారింటికి పోయిన పిల్ల మా లంబాడోళ్ళలో ఉండేదా? పెళ్లికూతురు అయినవాళ్ళను ఒక్కొక్కరినే కౌగిలించుకొని రాగం తీసి ఏడ్వాలి, వాళ్ళూ బదులు పాడాలి. దాన్ని ఢావ్లో అంటాం. నాకు మా అవ్వ నేర్పింది, రాగం తప్పితే నెత్తిన మొట్టి మరీ.

నా పెళ్లి జరిగింది నైజాం కాలంలో. దొర వెట్టికి ఎదురు తిరిగి సంఘంలో చేరినందుకు, వేములపల్లి దగ్గర మా తండా నుంచి బాపును పట్టుకుపోయారు. సూర్యాపేట బజారు పక్కన ధాన్యపు గోదామునే జైలు చేసి అందులో పడేశారు. తుపాకి మడమతో కొట్టిన దెబ్బకు ఆయన కాలు చీము పట్టింది. తక్కిన ఖైదీలకు కాస్తో కూస్తో మందు దొరికేదట. బాపు అడిగితే మాత్రం "లంబాడోనికి దవాఖాన ఎందుకురా, ఆకు పసరు పూసుకో" అని జైలు కాపలా జమేదారు వెక్కిరించేవాడని, ఇట్లాగే ఉంటే మనిషి దక్కడని, విడుదలై వచ్చిన ఒకాయన చెప్పాడు. నా పెళ్లికి రెండు రోజులు సెలవిమ్మని మా అమ్మ మూడుసార్లు అర్జీ పెట్టించింది. లంబాడోడు గుట్టలు పడితే మళ్ళీ దొరకడని మూడుసార్లూ కొట్టేశారు.

నాకూ మొండితనం తక్కువేం కాదు. బాపు మెడ పట్టుకొని ఏడ్వందే గరిడేపల్లి అత్తారింటికి బండెక్కనని కూర్చున్నాను. "ఆయన రాకుంటే మనమే పోదాం పా" అంది అవ్వ. పెళ్లయిన మర్నాడే తండా ఆడవాళ్ళందరం, అద్దాల రైకలతో, దంతపు గాజులతో, రెండు బండ్లు కట్టుకొని సూర్యాపేట చేరాం. ఆ రోజు వారపు అంగడి. జవాన్లు మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. సరే, బాపుకు వినబడితే చాలనుకొని గుమ్మం ముందే అవ్వను కౌగిలించుకొని గొంతెత్తాను. తక్కినవాళ్ళూ కలిశారు.

అబ్బో, ఆ ఏడుపు! అంగడి అంగడంతా ఉరికొచ్చింది. మా పద్ధతి వాళ్ళకేం తెలుసు, లోపల మందు లేక పడున్నాడని ఊరంతా విన్న లంబాడాయన చచ్చిపోయాడనుకున్నారు. "మందియ్యక సంపిండ్రు!" అని ఎవరో అరిచేసరికి జనం గేటు మీద విరుచుకుపడ్డారు. వాడు బతికే ఉన్నాడని పోలీసు అమీను ఎంత మొత్తుకున్నా నమ్మినవాళ్ళు లేరు. "బతికుంటే సూపియ్యి!" అంది కూరగాయలమ్మే ఒకామె. ఇక గతిలేక ఇద్దరు జవాన్లు బాపును మోసుకొచ్చి బయట నిలబెట్టారు. నల్లబడ్డ ఆ కాలును అంగడంతా చూసింది. చూశాక మళ్ళీ లోపలికి పోనిస్తారా? ఒక రైతు తన బండిలోని వడ్ల బస్తాలు దింపేసి బాపును పడుకోబెట్టాడు. జనమంతా వెంట నడిచి దవాఖానకు చేర్చారు, అమీను కూడా వెనకే నడిచాడు. నేను బండెక్కి, బాపు మెడ పట్టుకొని, మిగిలిన రాగమంతా పూర్తి చేశాను. "ఇగ సాలు బిడ్డా, దవాఖాన దాక వినబడ్డది" అని ఆయన నవ్వాడు. గెలిచాం! రెండు వేళ్ళు పోయినా కాలు దక్కింది. ఆ కాలితోనే నా పిల్లల పెళ్ళిళ్ళలో ఎగిరాడు.

మొన్న మునిమనవరాలు కారెక్కబోతుంటే ఉండబట్టలేక దాన్ని కౌగిలించుకొని నేనే రాగం అందుకున్నాను. పిల్ల బెదిరిపోయి, నా వీపు నిమురుతూ "ఏం కాలే తాతమ్మా, ఏం కాలే" అంది. ఆనాడు ఊరుకాని ఊళ్ళో అంగడంతా ఆ ఏడుపుకు ఉరికొచ్చింది. ఇప్పుడు నా రక్తం పంచుకున్న పిల్లకే దానికి బదులు పాడటం రాలేదు. నేర్పాల్సిన దాన్ని నేనే కదా అనుకుంటూ, పైట చెంగుతో దాని కళ్ళు తుడిచి కారెక్కించాను.